గులేరు రాయి నా కంటికే తగిలింది

తగిలినప్పుడు నొప్పి తెలియలేదు. కుడికంటి ముందు ఎర్రటి తెర దిగింది, అంతే.

ఎల్లారెడ్డి దగ్గర మా జొన్నచేనుకు కావలి నాదే. అప్పుడప్పుడే ఊళ్లోకి వస్తున్న సైకిళ్ల పాత ట్యూబు రబ్బరును పంగలకర్రకు కట్టి గులేరు చేసుకున్నాను. మంచెమీద నుంచి దానితోనే చిలుకలను తోలేదాన్ని. చేను కంకి వేసేలోపు గురి కుదరాలని దొడ్లో రాతిగోడ ముందు కుండపెంకు పెట్టి కొడుతుంటే, తప్పిన రాయి గోడకు తగిలి నామీదికే వచ్చింది.

"కంట్ల పసరు గిసరు ఏం పొయ్యొద్దు. దవాఖానకు పోదాం" అంది మా అత్త. మా ఆయన బండిలో మందంగా గడ్డి పరిచి, నన్ను కామారెడ్డికి తీసుకుపోయాడు.

డాక్టరు చూసి, "కంటి పైపొర, కార్నియా, బాగనే ఉంది. లోపల బ్లీడింగ్ అయింది. కదలకుండ పండుకోవాలె" అన్నాడు. కంటిపాపను కదలనివ్వని అట్రోపిన్ డ్రాప్స్ వేసి రెండు కళ్లకూ బ్యాండేజి కట్టించాడు.

"దెబ్బ ఒక్క కంటికే గద సార్?" అన్నాను.

"ఒకటి తిరిగితె రెండోది గూడ తిరుగుతదమ్మా."

దవాఖానలోనే పడుకున్న కొన్నాళ్లకు తేలికగా అనిపించింది. తోడున్న అత్త నీళ్లకు పోయినప్పుడు లేచి, వంగి, తడిమి చెంబు అందుకున్నాను. కన్ను పోటెత్తింది. "మల్ల బ్లీడింగ్ అయింది. ప్రెషర్ పెరిగితె ఆపరేషనే. చూపు పోవచ్చు" అన్నాడు డాక్టరు. ఆ తర్వాత అత్త మంచం విడిచి పోలేదు. "ఈగ వాలినా నేనే తోల్త. నువ్వు మెదలకు" అంది.

రక్తం మెల్లగా ఇంకింది. కట్టు విప్పినప్పుడు మొదట కనిపించింది అత్త ముక్కుపుల్ల మెరుపు.

ఇంటికొచ్చాక గులేరును పొయ్యిలో పెడతానన్నాడు మా ఆయన. "గులేరేం జేసింది? గోడ జేసింది. జాగ మార్చుండ్రి" అంది అత్త.

దొడ్డి చివర, మనుషులు నడవని దిక్కున, రాళ్లు ఏరేసిన మెత్తటి మట్టిని మనిషెత్తు కట్టగా పోశాం. దాని ముందు రెండు గుంజలు పాతి, అడ్డకర్రకు పాత గొంగడి కట్టాం. మొదట కింది అంచులు కూడా బిగించాం. రాయికి బదులు నేను కొట్టిన మట్టి ఉండ దానిమీద ఎగిరి ముందుకు దూకింది. కింది ముడులు విప్పేశాం. ఈసారి గొంగడి ఊగింది, ఉండ అక్కడే జారిపడింది. అత్త నవ్వింది.

కుడికంటికి ఇప్పటికీ ఎండ గుచ్చుతుంది. ఎడమకంటితో గురి చూడటం నేర్చుకున్నాను. ఈ ఏడు కూడా కావలి నాదే. చిలుకలకు ఆ తేడా తెలియదు.

గులేరు పట్టేవారికి నా మాట ఒకటే: గోడకూ బండకూ ఎదురుగా కొట్టకండి. ముందు వదులుగా వేలాడే మందపు గుడ్డ, వెనుక మట్టికట్ట ఉన్నాకే రబ్బరు లాగండి.