రాజమణి కొట్టంలో కరెంటు

పురానాపూల్ వెనక గల్లీలో రాజమణి బర్రెల కొట్టానికి ఎవరినీ దారి అడగక్కర్లేదు, ముక్కే తీసుకుపోతుందని జనం ఎగతాళి చేసేవారు. ఆమె చెవిన పడితే మాత్రం ఊరుకునేది కాదు. "నా బర్ల పాలు తాగి పెరిగిన ముక్కే గద అది," అనేది. ఒకప్పుడు ఆ గల్లీలో ఇంటింటికీ బర్రెలే. ఒక్కొక్కరే అమ్ముకుని పోగా, చివరికి రాజమణి, ఆమె కొడుకు నందు, ఎనిమిది బర్రెలు మిగిలారు.

తంటా అంతా పేడతోనే. కొట్టం కడిగిన పేడ మురుగు మోరీలో పడి, వాన కొట్టినప్పుడల్లా గల్లీలోకి పొంగేది. బస్తీవాళ్లు ఫిర్యాదు చేశారు. మోరీలోకి పేడ పోవడం ఇచ్చిన గడువులోగా ఆగకపోతే బర్రెలను ఊరి బయటికి తోలాల్సిందేనని అధికారులు తేల్చి చెప్పారు. ఊరి బయట ఆమెకు జానెడు జాగా లేదు. బర్రెలు పోతే తనేమిటో కూడా ఆమెకు తెలియదు.

అప్పుడు అంజన్ అనే మెకానిక్ ఆదుకున్నాడు. కొట్టం మూలన గొయ్యి తవ్వించి, గట్టి మూత బిగించి, పక్క తూము గుండా పేడంతా అందులో వేయించాడు. పేడ మురిగి గ్యాసు వచ్చింది, గ్యాసుతో చిన్న జనరేటర్ తిరిగి కరెంటు పుట్టింది. గడ్డి కోసే మిషన్ దాంతోనే నడిచేది. గల్లీ మలుపులో చాంద్‌బీ ఇంటి ముందు ఏళ్లుగా చీకటే. రాజమణి అక్కడిదాకా వైరు లాగించి ఒక బల్బు పెట్టించింది. దాంతో ఫిర్యాదుల నోళ్లు మూతపడ్డాయి. "నీ బర్లు రోషనీ ఇస్తున్నయ్ గద, రాజమణీ," అని చాంద్‌బీ నవ్వితే రాజమణి కడుపు నిండిపోయేది.

గొయ్యి పనిచేస్తుందో లేదో వచ్చి చూస్తామని అధికారులు కబురు పెట్టారు. పనిచేస్తే బర్రెలు ఉంటాయి, లేకపోతే లేదు. ఇక చూడాలి రాజమణి హడావిడి! కొట్టానికి పెద్దమనుషులు వస్తున్నారంటే ఫినాయిల్‌తో కడగాలి. అత్త నేర్పిన మర్యాద అది. వాళ్లు ఏ రోజైనా రావచ్చని రోజూ డబ్బాలకు డబ్బాలు కుమ్మరించి కడిగింది. ఆ నీళ్లు మోరీలోకి పోకూడదు కదా మరి? మహా బుద్ధిమంతురాలు, చీపురు పట్టి చుక్క మిగలకుండా గొయ్యిలోకే ఊడ్చింది.

జనరేటర్ రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. అంజన్ పరుగున వచ్చి గొయ్యి దగ్గర వంగి వాసన చూశాడు.

"ఏం పోసినవమ్మా ఇండ్ల?"

"ఏం పోస్త? పేడ, కొట్టం కడిగిన నీళ్లు."

"దేంతోని కడిగినవ్?"

చెప్పింది. అంజన్ తల పట్టుకుని అక్కడే కూలబడ్డాడు. "గ్యాసు ఊకెనే రాదమ్మా. కంటికి కనవడని పురుగులు పేడ తిని గ్యాసు ఇస్తయ్. ఫినాయిల్ తోని అవి సచ్చిపోయినయ్. పేడ, నీళ్లు తప్ప ఏం పొయ్యొద్దని చెప్పిన గద."

"సాఫ్ చేసేదే గద బిడ్డా, ఏం చేస్తది అనుకున్న." ఆమె గొయ్యి మూత మీద చెయ్యి పెట్టింది. "మళ్ల బతుకుతయా?"

"వేరే గొయ్యి నుంచి పేడ నీళ్లు తెచ్చి పోస్త. బతుకుతయ్ గని, టైం పడ్తది."

ఆ టైమే ఆమె దగ్గర లేదు. అధికారులు వచ్చారు. కొట్టం ఎంత శుభ్రంగా ఉందో అని మెచ్చుకున్నారు కూడా. బల్బు వెలిగించమన్నారు. నందు జనరేటర్ తాడు లాగీ లాగీ చెమటలు కక్కాడు, అది తిరగలేదు. రాజమణి చేతులు జోడించి జరిగిందంతా చెప్పింది, కొంచెం గడువియ్యమని అడిగింది. ఇచ్చిన గడువు అయిపోయిందని వాళ్లు వెళ్లిపోయారు.

బర్రెలను కొనుక్కున్న ఊరి బయటి డైరీవాళ్లు వ్యాన్ తెచ్చారు. ముసలి బర్రె గౌరి ఎంత కొట్టినా వ్యాన్ ఎక్కే పలక మీద కాలు పెట్టలేదు. కొట్టొద్దని రాజమణే ముందు వ్యాన్ ఎక్కి పిలిచింది. ఆమె గొంతు విని గౌరి నిమ్మళంగా ఎక్కింది. ఆ పాపం తన చేతులతోనే చేశానని తర్వాత ఎన్నోసార్లు ఏడ్చింది.

అంజన్ మాట తప్పలేదు. పేడ నీళ్లు తెచ్చి పోస్తూనే ఉన్నాడు. ఒక సాయంత్రం జనరేటర్ టకటకలాడింది. చాంద్‌బీ గబగబా వచ్చింది. "బత్తీ వచ్చింది, రాజమణీ."

రాజమణి అలవాటుగా గంప అందుకుని పేడ ఎత్తడానికి లేచింది. కొట్టం తళతళలాడుతోంది. గంప పట్టుకుని అట్లాగే నిలబడింది.

"ఇగ రోజూ ఉంటది గద?" అంది చాంద్‌బీ.

"గొయ్యిల పేడ అయిపోయేదాంక ఉంటది," అంది రాజమణి.