కృపావరమ్మ చుట్టిన కుదురు

కృపావరమ్మ ఎవరినీ నమ్మేది కాదు. పాలవాణ్ణి నమ్మేది కాదు, చాకలిని నమ్మేది కాదు, పక్కబడిలో గంట కొట్టే పాపారావు సరైన వేళకే కొడుతున్నాడని కూడా నమ్మేది కాదు.

ఏలూరు కాలవగట్టున మిషన్ వాళ్లు పెట్టిన ముసలివాళ్ల ఆశ్రమంలో ఆమె ఆయా. ఆ పనికి అనుమానం మంచి గుణమే. మంచంపట్టిన మనిషి ఒకే పక్క మీద ఉండిపోతే పడకపుండు లేస్తుంది, లేచిందంటే ప్రాణం మీదికి వస్తుంది. అందుకే బడిగంట రెండుసార్లు మోగేసరికల్లా మనిషిని పక్కకు తిప్పాలి, దుప్పటి ముడతల్లేకుండా లాగాలి, మెతుకులు దులపాలి. రెండో ఆయా నాగరత్నం దులిపానని చెప్పినా సరే, కృపావరమ్మ మళ్లీ అరచేత్తో తడిమేది. ఒంటిమీద ఎరుపు కనిపిస్తే వేలితో నొక్కేది. నొక్కినచోట తెల్లబడితే ఫరవాలేదు. తెల్లబడకపోతే లోపల చెడుతోందన్నమాట.

ఆశ్రమానికి రాకముందు ఇరవయ్యేళ్లు కొల్లేటి నుంచి ఏలూరు బజారుకు చేపలగంప మోసింది. నెత్తిన గుడ్డపీలికలతో చుట్టిన కుదురు, దానిమీద గంప. "ఆ కుదురే లేకపోతే నా బుర్ర ఏనాడో బద్దలయ్యేదండీ" అని అందరికీ చెప్పేది. నడినెత్తిన జుట్టు లేదన్న సంగతి మాత్రం చెప్పేది కాదు. ఎప్పుడూ కొంగు కప్పుకునే ఉండేది.

పందొమ్మిదివందల ముప్పై ఆరో సంవత్సరం వానాకాలంలో అచ్చమ్మ పంతులమ్మను పక్షవాతంతో ఆశ్రమానికి తెచ్చారు. కొల్లేటి లంకలో కృపావరమ్మకు పలక పట్టించి అక్షరాలు దిద్దించింది ఆవిడే. చూడగానే కృపావరమ్మకు గుండె చెరువైపోయింది. ఈవిడ ఒంటిమీద చిన్న గీత కూడా పడనివ్వకూడదనుకుంది. పాత నూలుచీర చింపి, బిగించి, శుభ్రమైన కుదురు ఒకటి చుట్టింది. "వెల్లకిలా పడుకోబెట్టినప్పుడల్లా ఇది నడుం కింద పెట్టాలి. మరిచిపోయావో, ఊరుకోను" అని నాగరత్నానికి గట్టిగా చెప్పింది.

పదిరోజులు తిరక్కుండా పంతులమ్మగారి నడుం దిగువన ఎర్రటి మచ్చ తేలింది. పొద్దున్నే కృపావరమ్మ నొక్కి చూసింది. తెల్లబడలేదు.

ఇంకెవరు? నాగరత్నమే. మధ్యాహ్నం నుంచి తెల్లారేదాకా పని దానిది. తిప్పకుండా తిప్పానంటోంది. కృపావరమ్మ దుప్పటి అంచున చిన్న తాటాకుముక్క దోపి వెళ్లింది. మనిషిని తిప్పితే అది రాలిపోవాలి. మర్నాడు చూస్తే రాలిపోయి ఉంది. "కనిపెట్టి తనే తీసేసింది, గడుసుది!" అనుకుంది. తిన్నగా ఆశ్రమం చూసే డాక్టరమ్మ దగ్గరికి వెళ్లి చెప్పేసింది.

"శనివారం దాకా చూస్తాను. తగ్గకపోతే నాగరత్నాన్ని పంపించేద్దాం" అంది డాక్టరమ్మ. నాగరత్నానికి మొగుడు లేడు, ఇద్దరు ఆడపిల్లలు. ఆ సంగతి కృపావరమ్మకు తెలుసు. తెలిసినా జాలి పడలేదు.

శుక్రవారం మధ్యాహ్నం పని దిగాక ఇంటికి వెళ్లకుండా వరండా కిటికీ పక్కన నక్కింది. దొంగను అక్కడికక్కడే పట్టుకోవాలని పంతం. బడిగంట మోగింది. రెండోసారీ మోగింది. ఆ మోత ఆగకముందే నాగరత్నం లేచింది. ఒక చెయ్యి భుజం కింద, ఒక చెయ్యి తుంటి కింద వేసి పంతులమ్మను మెల్లగా వెల్లకిలా తిప్పింది. దుప్పటి లాగింది. కుదురు తీసుకుంది.

"అది వద్దమ్మా, ఒత్తుతోంది" అంది పంతులమ్మ ముద్దముద్దగా.

"అమ్మో, కృపావరమ్మగారు ఒప్పుకోరండి. పోనీ, మీరే ఒకమాట చెప్పరాదుటండీ?"

"ఎంతో ప్రేమగా చుట్టింది. ఎలా చెప్పను?"

కృపావరమ్మ కిటికీ దగ్గర కొయ్యబారిపోయింది. మళ్లీ బడిగంట రెండుసార్లు మోగి నాగరత్నం పంతులమ్మను పక్కకు తిప్పేదాకా కదల్లేదు. అప్పుడు లోపలికి వచ్చి, చీర తప్పించి చూసింది. పొద్దున్న కనిపించే మచ్చ కాదిది. అప్పుడే అచ్చుపడిన ఎర్రటి గుండ్రటి చుట్టు. చుట్టంతా వేలితో నొక్కుకుంటూ వచ్చింది. ఎక్కడా తెల్లబడలేదు.

ఆమె చెయ్యి దానంతటదే కొంగు కిందికి పోయి నడినెత్తిని తడిమింది. అక్కడా అంతే, కుదురంత చుట్టు. ఇరవయ్యేళ్లు గంప మోసినచోట ఇప్పటికీ ఒక్క వెంట్రుకా మొలవలేదు.

కుదురు చంకన పెట్టుకుని డాక్టరమ్మ గదికి వెళ్లింది. "తప్పు నాదండీ. నాగరత్నం మీద లేనిపోనివి చెప్పానండీ" అంది. సిగ్గుతో తల ఎత్తలేకపోయింది.

ఎరుపు తగ్గడానికి పదకొండు రోజులు పట్టింది. తగ్గిన పొద్దున కృపావరమ్మ పంతులమ్మను తిప్పి, దుప్పటి సర్ది, ఇంటికి పోబోతున్న నాగరత్నాన్ని పిలిచింది.

"కాస్త ఉండవే. పక్క తడిమి చూసి వెళ్లు."

"మీరు చూశారు కదండీ, మళ్లీ నేనెందుకండీ?"

"నేను చూశాను కాబట్టే."