అత్తకూ అవే మాత్రలు

2023లో, మిరప కోతలు జోరుగా సాగుతున్న రోజులు. శావల్యాపురం దగ్గర ఒక ఊళ్ళో ఏఎన్ఎంగా చేస్తున్నాను. గర్భిణులకు రక్తపరీక్షలు చేయడం, ఐరన్ మాత్రలు ఇవ్వడం, వాటిని వేసుకునేలా చూడడం నా పని. ఆ చివరిదే అన్నిటికంటే కష్టం. మాత్ర పొట్టలోకి పోయిందో, గూట్లోనే ఉండిపోయిందో ఎవరికి తెలుసు?

పద్మకు తొలి కాన్పు, ఆరో నెల. రక్తం ఎంత బలంగా ఉందో చెప్పే హిమోగ్లోబిన్ పెరగకపోగా ఇంకా తగ్గింది. ఇలాగే ఉంటే కాన్పులో మామూలుగా పోయే రక్తానికే ప్రాణం మీదికి వస్తుంది.

"మాత్రలు వేసుకుంటున్నావా?"

"రోజూ ఏసుకుంటున్నా సిస్టరమ్మా."

"దొడ్డికి నల్లగా వస్తోందా?"

"లేదు, మామూలుగానే."

అక్కడ నాకు అనుమానం వచ్చింది. ఐరన్ వేసుకునేవాళ్ళకి సాధారణంగా నల్లగానే వస్తుంది. నిజం చెప్పమంటే పద్మ తల దించుకుంది.

"మొదట్లో నల్లగానే వచ్చింది. మా అత్త చెప్తే మానేశా."

అత్త కోటమ్మ మిరప కోతల ముఠాకి పెద్ద; పద్మ కూడా వాళ్ళతోనే కోతకు పోయేది. మర్నాడు గట్టిగా మాట్లాడదామనే చేలోకి వెళ్ళాను. మాత్రలు ఎందుకు మాన్పించావని అడిగితే, ఆవిడ చేతిలో కాయలు గోతంలో వేసి నా వైపు తిరిగింది.

"నా కూతురు కాన్పులో రక్తం పోయి నా కళ్ళముందే చచ్చిపోయింది. ఇప్పుడు ఈ పిల్లకి లోపల రక్తం విరిగి నల్లగా పోతంటే చూస్తా ఊరుకోమంటావా?"

నా కోపం అక్కడే చల్లారింది. ఆవిడ భయం, నా భయం ఒకటే.

"అది రక్తం కాదు కోటమ్మత్తా. ఒంటికి పట్టగా మిగిలిన మందు అలా నల్లగా వస్తుంది."

"అయితే నాకూ ఇయ్యి. నాకూ నల్లగా వస్తే నమ్ముతా."

ఇన్నేళ్ళ సర్వీసులో ఆ మాట అన్నవాళ్ళు లేరు. అక్కడే గట్టు మీద కూర్చోబెట్టి రక్తం చూశాను. ఆవిడకీ తక్కువే. డాక్టరు గారికి ఫోన్ చేస్తే ఆయన నవ్వి, ఇవ్వమన్నారు.

ఆ వారంలోనే మళ్ళీ అటు వెళ్తుంటే చేని మధ్యలోంచి కేక వినపడింది.

"సిస్టరమ్మా, నాకూ నల్లగానే వచ్చిందమ్మో!"

ముఠా అంతా పడీపడీ నవ్వారు. నాకైతే ఆ గట్టు మీదే గంతులేయాలనిపించింది.

అప్పట్నుంచి మధ్యాహ్నం అన్నాలయ్యాక అత్తాకోడళ్ళు కలిసి మాత్ర వేసుకునేవాళ్ళు. పద్మ వెంటనే టీ గ్లాసు అందుకోబోతే కోటమ్మ ఆపేది. "ఆగవే, టీ తాగితే మందు సరిగ్గా పట్టదంట." ముఠాలో ఇంకో గర్భిణి ఉంటే ఆమెనీ పక్కన కూర్చోబెట్టుకుంది.

తర్వాతి పరీక్షలో పద్మకు రక్తం పెరిగింది. ఆ పై నెల ఇంకా పెరిగింది. కోటమ్మ నా రెండు చేతులూ పట్టుకుని వదల్లేదు. నరసరావుపేటలో కాన్పయింది. ఆడపిల్ల. రక్తం ఎక్కించాల్సిన అవసరమే రాలేదు.

మాత్ర మానేసినవాళ్ళని చూస్తే ఇప్పుడు ముందు నేను అడిగేది ఒకటే: "ఏం చూసి భయపడ్డారు?" ఆ ప్రశ్న గర్భిణిని ఒక్కదాన్నే అడగను. ఇంట్లో ఆమె గురించి బెంగపడే మనిషిని కూడా పక్కన కూర్చోబెట్టుకుని అడుగుతాను.