తెనాలి అని రాయని తెనాలి వాళ్లు

తొంభైల చివర్లో తెనాలిలో ఒక కంప్యూటర్ సెంటర్లో పాఠాలు చెప్పేవాణ్ణి. పాఠాలంటే పెద్దగా ఏం కాదు, మౌస్ పట్టుకుంటే కరవదని నమ్మించడం. తీరిక దొరికినప్పుడు, మా చర్చి యువజన సంఘం ఊరూరా తిరిగి తెచ్చిన రక్తదాతల చీటీలు స్ప్రెడ్‌షీట్‌లోకి ఎక్కించాను. పేరు, గ్రూపు, చిరునామా. ఎవరెలా రాస్తే అలాగే కొట్టాను, నా చీటీతో సహా.

ఆ ఎండాకాలం అక్క కాన్పుకొచ్చింది. బిడ్డ దక్కలేదు. అక్కకి రక్తం చాలా పోయింది. బి నెగటివ్ కావాలి, సాయంత్రంలోగా దొరక్కపోతే ఆశ పెట్టుకోవద్దన్నారు డాక్టరమ్మ. ఇంట్లో ఎవరిదీ కలవలేదు. పెద్దనాన్న ఆసుపత్రి వరండాలో మోకరించి ప్రార్థన అందుకున్నాడు. ఆయన ప్రపంచం పుట్టిన దగ్గర్నుంచి మొదలుపెడతాడు, అక్కకి అంత టైము లేదు. బావ రేపల్లె నుంచి బస్సులో నిలబడి వచ్చాడు. నన్ను పక్కకి తీసుకెళ్లాడు.

"ఏరా, నీ కంప్యూటరు మనిషిని చూపిస్తుందా?"

"చూపిస్తుంది బావా. పిలుచుకు రావాల్సింది మనమే."

ఇద్దరం సెంటర్‌కి పరిగెత్తాం. గ్రూపుని ఒకరు నెగటివ్ అనీ, ఒకరు నెగ్ అనీ రాశారు. పూర్తి మాట వెతికితే సగం మంది జారిపోతారు. అందుకని బి నెగ అని ముక్క మాట రాసి, వెనక నక్షత్రం గుర్తు పెట్టాను. ఆ తర్వాత ఏమున్నా ఫరవాలేదని దానర్థం. ముందు కూడా పెడితే ఏబీ వాళ్లు దూరిపోతారు. చిరునామాలో తెనాలి ఎక్కడున్నా పట్టుకోమని ఆ మాటకి రెండు పక్కలా పెట్టాను. షరతులు రెండూ ఒకే వరసలో ఉంటే, రెండూ కుదిరిన వాళ్లే వస్తారు.

వచ్చారు. ఒకాయన కొల్లూరు అవతల లంకలో, పడవ దాటాలి. ఇంకొకాయన అమృతలూరు దాటాక ఎక్కడో పొలాల్లో. అందరి చిరునామాలోనూ వయా తెనాలి. బావ కుర్చీలో కూలబడ్డాడు.

గ్రూపు షరతు తీసేసి, తెనాలి ఒక్కటే ఉంచి చూశాను. ఆ వచ్చిన వాళ్లలో నేను లేను. పుట్టి పెరిగిన ఊళ్లో నన్నే ఒప్పుకోలేదు ఫార్ములా. అప్పుడు వెలిగింది. తెనాలి అని రాసేది బయట ఊళ్ల వాళ్లు, బస్సెక్కడ దిగాలో చెప్పాలి కాబట్టి. తెనాలిలో ఉన్నవాడికి ఆ అవసరమేంటి? చర్చి వెనక, మార్కెట్ పక్కన, అంతే.

షరతు తిరగేశాను. గ్రూపు బి నెగటివ్ కావాలి, చిరునామాలో తెనాలి ఉండకూడదు, మిగతా ఊళ్ల వాళ్లు రాసే బాపట్ల ఉండకూడదు, రేపల్లె ఉండకూడదు. ఒక్క పేరు మిగిలింది. మార్కెట్ పక్కన టైలరు.

మేం వెళ్లేసరికి మిషను తొక్కుతున్నాడు. సంగతి నేనే చెప్పాను.

"మీ అక్కయ్య జాకెట్లు కుట్టేది నేనే కదా బాబూ. నడవండి."

మెడలో టేపు తియ్యకుండానే వచ్చి పడుకున్నాడు. రక్తం సరిపోయిందన్నారు.

పొద్దువాలే వేళకి అక్క కళ్లు తెరిచిందని కబురొచ్చింది. బిడ్డ సంగతి చెప్పడానికి బావ ఒక్కడే లోపలికెళ్లాడు. టైలరు ఇంకా వరండాలోనే కూర్చున్నాడు. ఇంక వెళ్లండి అంటే, ఆవిడ గొంతు ఒకసారి విని పోతానండీ అన్నాడు.

లోపల్నించి అక్క ఏడుపు వినిపించింది. ఆయన లేచి, చెప్పులు వేసుకుని వెళ్లిపోయాడు.