గుడ్లు మోసే చేప, మా జువాలజీ సారు

మా జువాలజీ సారు పోయారన్న కబురు పాత విద్యార్థుల వాట్సాప్ గ్రూపులో వచ్చింది. కింద అందరూ దండాలు పెట్టారు. ఆ దండాల మధ్యలో ఒకాయన తన షోరూం ఆఫర్ కూడా పెట్టాడు, మళ్ళీ తీసెయ్యలేదు. సారపాకలో నేను పాఠాలు చెప్పే బడికి బయలుదేరుతూ అది చూసి నాకు ఏడుపు కంటే ముందు రోత పుట్టింది. ఆ రోత ఇంకా తగ్గలేదు కాబట్టి ఈ నాలుగు మాటలు కాస్త కటువుగానే ఉంటాయి.

రోతను ఎట్లా దాటాలో నేర్పింది కూడా ఆయనే. సత్తుపల్లిలో మేం చదివిన ప్రైవేటు కాలేజీ ల్యాబులో ఒక సీసా ఉండేది. అందులో జానెడు పొడవున, పెన్సిల్ కంటే సన్నగా ఒక పైప్‌ఫిష్. పగడపు దిబ్బల్లో బతికే చేప. ఎప్పుడో రామేశ్వరం దగ్గరి మండపం వైపు టూరుకు వెళ్ళినప్పుడు, జాలర్లు వల దులిపి పారేసిన చెత్తలో చచ్చి పడి ఉంటే ఏరి తెచ్చుకున్నారట. ఒళ్ళంతా ఎముక కంకణాలు, పళ్ళు లేని గొట్టం మూతి, పొట్ట కింద ఉడికిన సగ్గుబియ్యంలా అంటుకున్న గుడ్లు. ఫార్మలిన్ ఘాటుకు తోడు ఆ గుడ్లు చూసి మొదటిరోజే బయటికి పరుగెత్తి వాంతి చేసుకున్నాను. తిరిగొచ్చేసరికి సారు నీళ్ళ గ్లాసు పట్టుకుని గుమ్మంలో ఉన్నారు.

"రోత పుట్టనీ బిడ్డా," అన్నారు. "అది పోయినంక చూపు మొదలైతది. జల్దీ ఏం లేదు, కూసొని చూడు."

చూశాను. చూసి, గుడ్లున్నాయి కదా అని రికార్డులో 'ఆడ' అని రాశాను. నేనొక్కదాన్నే కాదు, సీనియర్ల రికార్డు చూసి క్లాసంతా అదే దించాం. సారు అందరివీ ఎర్ర సిరాతో కొట్టేశారు. గుడ్లు పెట్టేది ఆడచేపే గానీ, పెట్టేది మగదాని పొట్టకు. పిల్లలయ్యే దాకా మోసేది మగది. రోజూ పొద్దున ఆడచేప వచ్చి, పక్కన కాసేపు ఈది, పలకరించి తన దారిన తను పోతుంది. ఇదంతా ఆయన ఊయల తాడు లాగుతూ చెప్పారు.

ఆ ఊయల సంగతి చెప్పాలి. సారు భార్య కాన్పులోనే పోయింది. చూసుకునేవాళ్ళు లేక పసిబిడ్డను కాలేజీకే తెచ్చేవారు. ల్యాబు వరండాలో చీరతో ఊయల కట్టి, తాడును కిటికీలోంచి లోపలికి లాక్కుని, ఒక చేత్తో ఊపుతూ ఇంకో చేత్తో బోర్డు మీద బొమ్మ వేసేవారు. స్టాఫ్‌రూంలో ఒకటే నవ్వులు. కామర్స్ సారైతే మా ముందే అడిగాడు, "ఏంది సారూ, పాలు గూడ మీరే ఇస్తున్నరా?"

సారు పాలసీసా మూత బిగిస్తూ, "అవ్, డబ్బా పాలు," అన్నారు.

ఆయన్ని దేవుణ్ణి చేస్తే ఆయనకే నచ్చదు. బిడ్డ ఏడుపు ఆపకపోతే విసుక్కునేవారు, ఆ విసుగు మా మీద చూపేవారు. ఈ చేప బంధువుల్లో కొన్నింటిలో మగచేప తాను మోసే గుడ్లలో కొన్నింటి సారాన్ని తన ఒంట్లోకే పీల్చుకుంటుందని చెబితే క్లాసంతా ఛీ అంది. "తండ్రంటే గట్లనే ఉంటడు," అన్నారు. "అలిసిపోతడు, ఆకలైతది. అయినా మిగిలినయి మోస్తడు."

కాలేజీలో పెట్టిన సంతాప సభకు వెళ్ళాను. ఆ కామర్స్ సారే ఇప్పుడు ప్రిన్సిపాల్. మైకు పట్టుకుని, గొంతు వణికించి, "మన సారు తల్లిలాంటి తండ్రి" అన్నాడు. చప్పట్లు కొట్టారు. నేను కొట్టలేదు. ముందు వరుసలో సారు కూతురు, ఆ ఊయల బిడ్డే, తల వంచుకుని కూర్చుంది. సభ అయ్యాక ఆమె ప్రిన్సిపాల్ని ఒక్కటే అడిగింది, "నాన్న చేప సీసా నాకిస్తరా సార్?"

"ల్యాబు ఖాళీ చేసి కంప్యూటర్లు పెట్టినం కదమ్మా," అన్నాడాయన. "అయన్నీ ఎనకకి పారేపిచ్చినం. ఇప్పుడేడ దొరుకుతది?"

వెనక అంటే మూత్రశాలల వెనక. మేమిద్దరం చున్నీలు ముక్కుకు కట్టుకుని వెతికాం. పగిలిన సీసాలు, ఈగలు ముసిరిన కప్పలు, ఉబ్బిన పాములు, వాటి మీదే ఎవరో తిని పారేసిన బిర్యానీ పొట్లాలు. ఆ అమ్మాయి మోచేతి దాకా చెయ్యి పెట్టి కెలికింది. సీసా దొరికింది. మూత వదులై కారుతోంది గానీ పగల్లేదు. సారు రిటైరయ్యాక ఎవరో అంటించిన కొత్త లేబుల్ మీద 'పైప్‌ఫిష్ - ఆడ' అని ఉంది.

"ఇన్నేండ్లు చెప్తే ఈళ్ళకి ఎక్కింది ఇదా?" అన్నాను. నాకు ఒళ్ళు మండిపోతోంది.

"పోనీ అక్కా. దొరికింది కదా," అంది.

ఆమె ఉండేది భద్రాచలంలో. ఇద్దరం ఒకే బస్సెక్కాం. సీసాకు పాలిథీన్ కవర్ చుట్టి ఆమె ఒళ్ళో పెట్టుకుంది, అయినా వాసన ఆగలేదు. ముందు సీట్లవాళ్ళు వెనక్కి తిరిగి మూతులు ముడిచారు. కండక్టర్ వచ్చి, "అది కింద పెట్టమ్మా," అన్నాడు.

"కింద పెడితే పగుల్తదన్నా," అంది, ఒళ్ళోంచి తియ్యకుండానే.

కవర్ పక్కకు జరిపి, గోటితో ఆ 'ఆడ' లేబుల్ గీకడం మొదలుపెట్టింది. దమ్మపేట దాటాక రోడ్డంతా గుంతలు. గుంత వచ్చినప్పుడల్లా గీకడం ఆపి, ముందుకు వంగి, సీసాను రెండు చేతులతో పొట్టకు అదుముకుంటోంది.