మూత తీయించని వాచీ

మా పెద్దనాయిన పోయిన వార్త పెద్దమ్మే ఫోన్ చేసి చెప్పింది. "ఇగ లేడు బిడ్డా" అని కాసేపు ఏడ్చి, ముక్కు చీది, "ఆ వాచీలోడు మాత్రం కొంపల్లిల ఏసీ దుకాణం తెర్సుకొని సల్లగ కూసున్నడు" అంది. శామీర్‌పేటకు బయలుదేరుతూ నాకూ ముందు గుర్తొచ్చింది వాడే. చావింటికి పోతూ ఇదేం ఆలోచన అని మీరు అనుకోవచ్చు. అనుకోండి.

పెద్దనాయిన మేడ్చల్‌లో బస్సు డిపో టైం కీపర్. ఉద్యోగమంతా గోడ గడియారం చూస్తూ గడిపినవాడు, రిటైరయ్యాక చేతికి మంచి విదేశీ వాచీ ఒకటి కావాలనుకున్నాడు. బ్యాటరీ లేకుండా, చెయ్యి ఆడితే నడిచేది. కొత్తదాని ధర విని "హమ్మో, గిది వాచా, ప్లాటా?" అన్నాడట. అందుకే కొంపల్లిలో పాత ఖరీదైన వాచీలు కొని అమ్మే మా ఊరివాడి దగ్గరికి పోయాడు. "నీకు కాబట్టి ఇస్తున్నన్నా" అంటూ వాడు ధర బాగా తగ్గించాడు. వెనక మూత తీయించి లోపలి మిషన్ చూసుకోవాలని పెద్దనాయినకు తెలుసు. నోరు రాలేదు. "మనోని ముంగట మూత తీపిచ్చుడు బాగుంటదా?" అనుకున్నాడు. మావాళ్ల మొహమాటం అలాంటిది.

ఏడాది తిరక్కుండానే వాచీ వెనకబడింది. సికింద్రాబాద్‌లో విప్పిస్తే పైన కేసు, డయలు అసలువే, లోపల మిషన్ చవకబారు నకలు. అడగబోతే వాడు దుకాణంలో నలుగురి ముందు, "మంచి మిషన్ నువ్వే అమ్ముకొని నా మీదికొస్తున్నవా?" అన్నాడు. పైసలు పోయిన బాధ కాదు, దొంగ అనిపించుకున్న మంట పట్టుకుంది ఆయన్ని. "వాని నోటితోనే నిజం జెప్పిస్త. గప్పటిదాంక ఇడ్వ" అన్నాడు.

విడవలేదు. పెళ్లిళ్లలో పక్కవాడి మణికట్టు పట్టుకుని వాచీ చెవికి ఆనించుకునేవాడు. ఎవరైనా ఖరీదైన వాచీ కొనబోతున్నారని వింటే చాలు, ఆటో ఎక్కేవాడు. "పేరు జూసి మురవకు. మిషన్ జూడు, సర్వీస్ ఎవడు జేస్తడో అడుగు, గప్పుడు ధర మాట్లాడు. మస్తు సస్తగ ఇస్తున్నడంటె లోపల ఏదో తక్కువున్నట్టే." ఆయన మాట విని నేను పెద్ద పేరును వదిలేసి, మిషన్ మంచిదని పేరు తక్కువున్న వాచీ కొన్నాను. ఇప్పటికీ చక్కగా నడుస్తోంది, ఆయన పుణ్యమే. దుకాణంవాడి బేరం చెడిన రోజు, షుగరని పెద్దమ్మ తిడుతున్నా, రెండో చాయ్ పెట్టించుకుని తాగేవాడు. అయినా వాడు ఒప్పుకోలేదు. ఆ మాట వినకుండానే ఈయన పోయాడు.

దశదినకర్మ భోజనాలకు వాడొచ్చాడు. రాకపోతే ఊళ్లో మాట పడుతుంది, వాడి గిరాకీ సగం ఆ టెంటు కిందే ఉంది. ఫోటోకు దండ వేసి, "బంగారమసొంటి మనిషి" అని నిట్టూర్చి, బంతిలో కూర్చున్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. మీదికి పోబోతే పెద్దమ్మ నా భుజం నొక్కి, అన్నం గిన్నె తానే అందుకుంది. అందరికీ వడ్డించి వాడి విస్తరి దగ్గర ఆగింది.

"ఆయన దొంగనా?"

"గవన్ని ఇప్పుడెందుకు వదినె..."

"దొంగోని ఇంట్ల ఎట్ల తింటవు? జెప్పి తిను."

బంతిలో ఎవరూ ముద్ద ఎత్తలేదు. వాడు అటూ ఇటూ చూశాడు. "మిషన్ మార్చింది నేనే" అని గొణిగాడు.

"గట్టిగ జెప్పు. అందరికి ఇనవడాలె."

చెప్పాడు. తలలన్నీ వాడివైపు తిరిగాయి. నాకు జాలి కలగలేదు. ఇది రాస్తున్నప్పుడూ కలగడం లేదు.

అప్పుడు పెద్దమ్మ వడ్డించింది. "తిను" అంది. వాడు ఒక ముద్ద మింగాడు. మళ్లీ వడ్డించింది. వాడు చాలంటూ విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టాడు. పెద్దమ్మ ఆ చేతి మీదే గరిటె ఎత్తి పట్టుకుని, వాడు చెయ్యి తీసేదాకా అలాగే నిలబడింది.