మిరపకాయ లేని రాజుగారి విందు

ఆ రోజుల్లో నేను చిన్నదాన్ని, యాభై ఎనిమిదేళ్ళు. (రాస్తున్న పిల్ల నవ్వుతోంది. నవ్వకు, రాయి. అరవై ఏడొచ్చాక తెలుస్తుంది యాభై ఎనిమిది ఎంత కుర్రతనమో.) నాకు సంతకం దాటి చదువు రాదు కనుక నేను చెబుతున్నాను, ఈ వరంగల్ పిల్ల రాస్తోంది. ఈ పిల్ల అప్పట్లో విన్నిపెగ్‌లో మా అమ్మాయి ఇంటి బేస్‌మెంట్‌లో అద్దెకుండేది. ఆ ఏళ్ళలో ఏ బస్సెక్కినా కాలేజీ సంచులు తగిలించుకున్న తెలుగు పిల్లలే. అందరూ చదువుకుని, పార్ట్‌టైమ్ చేసుకుని, వర్క్ పర్మిట్ గురించి దిగులుపడుతుంటే, ఈ మహాతల్లి మాత్రం కాఫీ షాపులో తోటి పిల్ల మాట విని రాజుల కాలం ఆట ఆడే గుంపులో చేరింది. వారం పొడుగునా ఉద్యోగాలు చేసుకునే మనుషులు, శనివారం వచ్చేసరికి ఇనప గొలుసుల చొక్కాలు తొడుక్కుని పార్కులో బెత్తం కర్రలతో బాదుకుంటారు. ఆరేడు వందల ఏళ్ళ కిందట ఎలా ఉండేవారో అలా ఉండాలట. ఎందుకూ అంటే సరదా అట.

ఒక శనివారం నన్నూ లాక్కుపోయింది. అక్కడొకావిడ నా ముందు తిరగలి పెట్టి, పిండి ఎలా విసరాలో చూపించబోయింది. నాకు! పాతికేళ్ళు విసిరి విసిరి, భుజాలు పడిపోయి, ఊళ్ళోకి పిండిమర వచ్చిననాడు కొబ్బరికాయ కొట్టినదాన్ని నేను. మేం దండం పెట్టి వదిలించుకున్న చాకిరీని వీళ్ళు సభ్యత్వం తీసుకుని మరీ చేస్తున్నారు. అయినా ఊరుకున్నాను. ఎందుకంటే మర్నెలలో విందు ఉందనీ, దూరదేశపు వంటకం ఒకటి నేను చేసి తేవాలనీ అడిగారు. అదీ నా బలహీనత. ఊళ్ళో శుభానికీ అశుభానికీ రెండొందల మందికి వండి, గిన్నెలు ఖాళీగా ఇంటికి తెచ్చుకున్న చెయ్యి ఇది. కెనడా వచ్చాక అల్లుడు బీపీ అంటాడు, మనవరాలు పాస్తా అంటుంది. నా గిన్నె ఖాళీ అవడం చూసి రెండేళ్ళయింది.

పెద్ద గిన్నెడు పులిహోర కలిపాను. మా గుంటూరు వైపు ఎలా కలుపుతారో అలాగే. విందుకి ముందు రుచి చూసే రోజని ఒకటి పెట్టారు, ఆ రోజున తీసుకెళ్ళాను. బల్ల దగ్గర గడ్డం దివాను నిలబడ్డాడు. (పేరు నాకు తిరగదు. వారమంతా ఇళ్ళలో ఫర్నేసులు బాగుచేస్తాడు, శనివారం రాజుగారి వంటశాలకి అధికారి.) గరిటెతో కెలికి, ఎండుమిరపకాయ ఒకటీ, వేరుసెనగపప్పు ఒకటీ తీసి పక్కన పెట్టాడు. ఇవి ఆ కాలంలో లేవు, మీ దేశానిక్కూడా ఓడల వాళ్ళు తర్వాత తెచ్చినవేనని పుస్తకం తీసి చూపించాడు. గుంటూరు జిల్లా మనిషికి మిరపకాయ జాతకం చెప్పాడండీ! చెప్పి ఊరుకోకుండా నా గిన్నెని బల్ల కిందకి, ప్లాస్టిక్ సీసాల పక్కకి తోయించి, ఎవరికీ కనపడకుండా గుడ్డ దింపించాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. అతని ముక్కు మీది కళ్ళజోడు ఏ రాజు పెట్టుకున్నాడో అడగమన్నాను ఈ పిల్లని. అడిగింది. కళ్ళు కనపడవు కనుక దానికి మినహాయింపు ఉందన్నాడు.

"కళ్ళకున్న మినహాయింపు నాలిక్కెందుకు లేదో అడుగు."

ఆ మాట మాత్రం అడగలేదు. (ఇప్పటికీ దీని మీద నాకు ఆ కోపం ఉంది. రాయి, అదీ రాయి.) తిరుగు బస్సులో గిన్నె ఒళ్ళో పెట్టుకుని కూచున్నాను. ఈ పిల్ల మెల్లిగా, "పెద్దమ్మా, కారం లేకుంట మీకేమన్న వస్తదా వంట?" అంది.

"కారం లేకుండా వండితే దాన్ని తద్దినం అంటారే" అని కసిరాను.

కసిరాక నా మాటే నాకు తట్టింది. తద్దినం వంట! మిరపకాయ పనికిరాదు, మిరియాలే. టమాటా కూడదు, బంగాళాదుంప కూడదు. మా అత్తగారికి అక్షరం రాదు గానీ, ఏది పాతదో ఏది కొత్తదో ఆ గడ్డం దివాను పుస్తకం కంటే ముందే ఆవిడ వంటింట్లో తేలిపోయింది. కానీ బతికున్నవాళ్ళకి, అందులోనూ రాజుగారి విందులో, ఆ వంట పెట్టొచ్చా? మూడు రోజులు ఆలోచించాను. గిన్నె మళ్ళీ బల్ల కిందకి పోతుందన్న రోషమే గెలిచింది.

విందు రోజున మిరియాలు కొట్టి గారెలు, అరటికాయ కూర, నువ్వుల పచ్చడి, పరమాన్నం చేశాను. దివాను కెలికాడు, వెతికాడు, ఏమీ దొరకలేదు. అందరికీ పెట్టాడు. చెయ్యి అలవాటు పాడుగానూ, నేను వంట మధ్యలో రుచి చూడలేదు, వడ్డనంతా తద్దినం వరసలోనే నడిపించాను, చివర్న వాళ్ళ ఎదురుగా చేతులు కట్టుకుని, "తృప్తి అయిందా?" అని తెలుగులోనే అడిగాను. తొమ్మిది గారెలు తిన్న ఆ గడ్డం దివాను ఏమర్థమైందో ఏమో, లేచి నిలబడి, టోపీ తీసి తల ఊపాడు. గిన్నెలన్నీ ఖాళీ.

అప్పుడు గుర్తొచ్చారు మా ఆయన. పప్పులో రెండు మిరపకాయలు తగ్గితే విస్తరి జరిపేసి, "బతికుండగానే పెడుతున్నావేమే?" అనేవారు. పోయాక మాత్రం, ఆయన పేరు మీద నేను స్వయంగా వండి పెట్టింది ఈ దేశంలో ఒక్కసారీ లేదు. ఖాళీ గిన్నెలు కడుగుతూ, ఇది మీ పేరునే అనుకోండి అన్నాను. కారం లేదని అక్కడ కూడా సణిగే ఉంటారు.

ఆ దివాను మీద కోపం ఇప్పటికీ తగ్గలేదు. ఏటా విందుకి వెళ్ళేది అతనితో దెబ్బలాడడానికే. ఆ పొద్దున్నే మా ఆయన ఫోటో ముందు మాత్రం ఎండుమిరపకాయ వేసిన పులిహోర చారెడు పెట్టి బయల్దేరతాను. అది చూసినప్పుడల్లా, బస్సులో గిన్నె ఒళ్ళో పెట్టుకుని మూతి ముడుచుకున్న ఆ యాభై ఎనిమిదేళ్ళ పిల్ల గుర్తొస్తుంది. పాపం, దానికి ఏమీ తెలీదు. గిన్నె మాత్రం గట్టిగా పట్టుకుంది.